గవ్వ ఎందుకాగుతుంది

హైమవతికి పొద్దున కాఫీతోపాటు చావుకబుర్లు వినడం అలవాటు. మనుషులవి కావు, లింకులవి. ఆమె నిద్రలో ఉన్నంతసేపూ కంప్యూటరు గవ్వ ప్రోగ్రాములో ఉన్న లింకుల తలుపులన్నీ తట్టి వచ్చేది. ఏ తలుపు తెరుచుకోలేదో తెల్లారేసరికి చెప్పేది. ఎక్కడో ఒక కాలేజీ తన పాత సర్వరును మూలన పడేసి ఉంటుంది. ఎవరో పెద్దాయన కాలం చేస్తే ఆయన నడిపిన వెబ్‌సైటు కూడా ఆయన వెంటే పోయి ఉంటుంది. "అయ్యో, ఇదీ పోయిందా" అనుకుంటూ హైమవతి కాఫీ చల్లార్చుకునేది.

గవ్వ అంటే కాకినాడ, ఉప్పాడ తీరాన ప్రతి చేపల బోటుకీ బిగించే చిన్న పరికరం. చూడటానికి గవ్వలాగే బోర్లించిన పొట్టతో ఉంటుంది. బోటు బోల్తా పడితే ఎక్కడ పడిందో ఒడ్డుకు కబురు పంపడం దాని పని. దాని లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. హైమవతి అన్న త్రినాథ్ పాతికేళ్ల వయసులో ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. అతను పోయి చాలా కాలమైంది. గవ్వ మాత్రం తీరాలు దాటి, దేశాలు దాటి పెరిగింది. ఎవరి మార్పు తీసుకోవాలో, ఎవరిది వద్దో తేల్చే బాధ్యత తిరిగి తిరిగి చివరికి హైమవతి మీద పడింది.

త్రినాథ్‌కు ఒక పద్ధతి ఉండేది. ప్రోగ్రాములో విచిత్రమైన పని ఏది చేసినా, పక్కన "ఎందుకో ఇక్కడ మాట్లాడుకున్నాం" అని రాసి, ఒక లింకు పెట్టేవాడు. ఆ మాటలన్నీ ఒక మెయిలింగ్ లిస్టులో ఉండేవి. ఆ రోజుల్లో అంతా కాకినాడ వాళ్లే కనుక తెలుగులోనే రాసుకునేవారు. ఆ లిస్టును ఉచితంగా నడిపిన సంస్థ ఒకనాడు మూతపడింది. చెప్పాపెట్టకుండా అన్నీ చెరిపేసింది. పని మిగిలింది, కారణం పోయింది. "ఇది తీయకండి" అన్న హెచ్చరిక కింద ఎక్కడికీ పోని లింకు ఒకటి వేలాడుతూ ఉండేది. హైమవతి అలాంటి చోట్ల దేన్నీ ముట్టుకునేది కాదు, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేదీ కాదు.

"నువ్వు గవ్వని కాపాడుతున్నావో, మీ అన్నయ్యకి కాపలా కాస్తున్నావో నాకర్థం కాదు హైమా," అనేది వదిన సులోచన, కూరగాయలు తరుగుతూ. త్రినాథ్ పోయాక ఇద్దరూ జగన్నాథపురంలో ఒకే ఇంట్లో ఉండిపోయారు. సులోచన బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. వాళ్లిద్దరి మధ్యా పెరిగిన మైథిలి, త్రినాథ్ కూతురు, ఇప్పుడు పరిశోధకురాలు.

తండ్రి పోయేనాటికి మైథిలికి మూడేళ్లు. తండ్రి ముఖం ఆమెకు ఫోటోల్లోనే తెలుసు. అందుకే కాబోలు, ఎదిగాక ఆమె ఎంచుకున్న పని కూడా పోయినవాటిని తిరిగి తేవడమే అయింది.

ఒక ఆదివారం మైథిలి ఫోను చేసి, "అత్తా, ఉన్నపళంగా ల్యాబుకి రా. ఏ చీరలో ఉంటే ఆ చీరలో వచ్చెయ్," అంది.

పాత ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉండేది వాళ్ల ప్రయోగశాల. హైమవతి వెళ్లేసరికి మైథిలి కుర్చీలో కూర్చోలేక నిలబడే ఉంది.

"నీ దగ్గర చచ్చిపోయిన లింకులున్నాయిగా. ఒకటివ్వు."

"ఏది?"

"ఏదైనా. బాగా పాతదివ్వు."

హైమవతికి కంఠతా వచ్చిన లింకులు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి చెప్పింది. బోల్తా పడిన బోటు మళ్లీ పైకి తేలాక, గవ్వ తనకు తెలిసిన స్థానాన్ని వెంటనే పంపకుండా మొదటి మూడు లెక్కలూ పారేసి, నాలుగోది మాత్రమే పంపుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. త్రినాథ్ పెట్టిన లింకు ఒక్కటే సాక్ష్యం.

మైథిలి ఆ లింకును యంత్రానికి ఇచ్చింది. దానికి ఆమె పెట్టిన పేరు పూరణి. అది ఆ లింకు పేరు పట్టుకుని ప్రపంచమంతా గాలించింది. ఎవరో తన జవాబులో ఎత్తిరాసుకున్న వాక్యం ఒకటి దొరికింది. ఇంకెవరి కంప్యూటరులోనో తేదీ దొరికింది. త్రినాథ్ రాసిన ఇతర ఉత్తరాలు, ఆ వారం ప్రోగ్రాములో జరిగిన మార్పులు, అప్పట్లో వాడిన చిప్పుల వివరాలు, అన్నీ పోగేసుకుని, మధ్యలో పడిన కంతలను పూడ్చుకుంటూ పోయింది. చూస్తుండగానే తెర మీద ఒక పేజీ వరసవరసగా లేచింది. దొరికిన మాటలు నల్లగా, ఊహించిన మాటలు బూడిద రంగులో ఉన్నాయి.

హైమవతి కళ్లద్దాలు సవరించుకుని చదివింది. అన్న గొంతే. అదే వరస, అదే వేళాకోళం. "ఇవాళంతా హార్బర్లో నాలుగు బోట్ల మీద పరీక్షించి చూశాను. మనం వాడే చిప్పు బద్ధకపుది. నీళ్లలోంచి లేచాక దానికి మత్తు వదలడానికి టైము పడుతోంది. అందుకని మొదటి మూడు లెక్కలూ పారేయాలి. రేపు మంచి చిప్పు వస్తే ఈ తంటా ఉండదు, అప్పుడు తీసేద్దాం." ఆ కింద చివరి వాక్యం: "ఇంట్లో మా అమ్మాయి ఇవాళ మొదటిసారి నవ్విందట, నేను ఇంటికి పరిగెత్తాలి, మిగతాది రేపు."

మైథిలి ఆ వాక్యం మీద వేలు పెట్టి అత్త వైపు చూసింది. హైమవతి ఆమె తల నిమిరింది. ఆ అక్షరాలు బూడిద రంగులో ఉన్నాయని ఇద్దరూ చూశారు. చూసినా అప్పుడు దాని గురించి మాట్లాడాలనిపించలేదు.

ఆ ఏడాది గవ్వ లింకులన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. మైథిలి ఇచ్చిన పేజీలను హైమవతి ప్రాజెక్టు భాండాగారంలో చేర్చి, పాత లింకులను వాటికి తగిలించింది. భాండాగారం చాలా పాతది. అది అక్షరాలను మాత్రమే దాచుకుంటుంది, రంగులను దాచుకోదు. పూరణి ఎంత జాగ్రత్తగా వేసిన బూడిద రంగైనా ఆ గుమ్మంలోనే రాలిపోయింది. లోపలికి వెళ్లిన మాటలన్నీ ఒకే నలుపు. ఎవరూ కావాలని చేసింది కాదు. పొద్దున కాఫీ వేళ ఒక్క చావుకబురూ లేకపోవడం ఎంత హాయిగా ఉందంటే, హైమవతికి ఆ సంగతి తట్టనే లేదు.

మైథిలి తండ్రి పేజీలన్నీ చదువుకుంది. కొన్ని బట్టీ కూడా వచ్చాయి. తల్లికి చదివి వినిపించబోతే సులోచన చేతులు అడ్డం పెట్టేది.

"వద్దమ్మా. పోయిన మనిషి దగ్గర్నుంచి కొత్తగా ఉత్తరాలు రావడమేంటి, నాకు భయం. మీరు చదువుకోండి."

వర్షాకాలం ముందు ఇండోనేషియా నుంచి ఒక కుర్రవాడు గవ్వకు మార్పు పంపాడు. త్రినాథ్ పేజీ అనువాదాన్ని చూపించి, "ఈ కారణం ఇప్పుడు లేదు. చిప్పులన్నీ కొత్తవే. మూడు లెక్కలు పారేయడం వల్ల మూడు నిమిషాలు వృథా అవుతున్నాయి. నీళ్లలో ఉన్నవాడికి మూడు నిమిషాలంటే ప్రాణం," అని రాశాడు. కాదనడానికి ఏముంది? స్వయంగా త్రినాథే "అప్పుడు తీసేద్దాం" అన్నాడు. హైమవతి రెండుసార్లు చదివి, ఒప్పుకుని, చేర్చుకుంది. నెల తిరిగేసరికి కొత్త ఫర్మ్‌వేర్ తీరంలోని బోట్లన్నింటికీ గాల్లోంచే చేరిపోయింది.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన లేచింది. ఉప్పాడ నుంచి వేటకు వెళ్లిన సూరాడ ధనరాజు బోటు ఒడ్డుకు పరుగు తీస్తూ అల దెబ్బకు బోల్తా పడింది. ధనరాజు దాన్ని నడిపే సరంగు. అతని కింద పనిచేసే కళాసీలు ఇద్దరు. బోటు తలకిందులైనప్పుడు గవ్వ దాని కింద, నీళ్లలో చిక్కుకుపోయింది. చాలాసేపటికి మరో అల వచ్చి బోటును పక్కకు ఒరగదీస్తే గవ్వ పైకి తేలి, వెంటనే కబురు పంపింది. ఆపైన బ్యాటరీ మిగుల్చుకోవడానికి గంటసేపు నిద్రపోయింది. అది దాని మామూలే.

గవ్వ చెప్పిన చోటికి పడవలు ఉరికాయి. ఒడ్డుకు దగ్గర్లో, కేకేస్తే వినిపించేంత దూరం. అక్కడ ఖాళీ నీళ్లు తప్ప ఏమీ లేవు. వెతికారు. మునిగి వెతికారు. గంట తర్వాత గవ్వ నిద్రలేచి రెండో కబురు పంపింది. అది చెప్పిన చోటు సముద్రం లోపల ఎక్కడో ఉంది. వాళ్లు అక్కడికి చేరేసరికి ఇద్దరు కళాసీలు బోటు అడుగు పట్టుకుని వేలాడుతున్నారు. ధనరాజు లేడు. వాళ్లను ఒక్కొక్కరినే బోటు మీదికి నెట్టి నెట్టి, చివరికి తన చేతుల్లో సత్తువ అయిపోయి జారిపోయాడని వాళ్లు చెప్పారు. జారిపోయి ఎంతోసేపు కాలేదని కూడా చెప్పారు.

మర్నాడు రెండు కబుర్లనూ పక్కపక్కన పెట్టుకుని హైమవతి కదలకుండా కూర్చుంది. మొదటిది తప్పు, రెండోది ఒప్పు. మొదటి చోటికి బోటు చేరనే లేదు. మరి గవ్వ అక్కడున్నానని ఎందుకు చెప్పింది? ఆమె వేళ్లు వాటంతటవే ఆ పాత లింకును నొక్కాయి. అన్న పేజీ తెరుచుకుంది. బద్ధకపు చిప్పు. మత్తు. రేపు మంచిది వస్తే తీసేద్దాం.

మైథిలి పరుగున వచ్చింది. "నాన్న రాసింది తప్పైతే తప్పే అత్తా. అప్పటికి ఆయనకి తెలిసింది అంతే అయ్యుంటుంది."

"మీ నాన్న తప్పు రాసినా, ఎందుకు తప్పో అందులో తెలుస్తుందే. ఇందులో అదీ లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎక్కడా నాకు పట్టు దొరకట్లేదు."

భోజనానికి పిలవడానికి వచ్చిన సులోచన గుమ్మంలో ఆగింది. ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏం రాశాడట ఆయన?" అని మొదటిసారి తనంతట తానే అడిగి, కుర్చీ లాక్కుని, తెర మీద చదివింది. బడిపిల్లల లెక్కలు దిద్దినట్టు నెమ్మదిగా, వేలితో తడుముతూ చదివింది. పై నుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి.

"ఈ తేదీ నిజమేనా?" అంది.

"తేదీ నిజమేనమ్మా. అది ఇంకో చోట దొరికింది," అంది మైథిలి.

"అయితే ఇది మీ నాన్న రాయలేదు."

సులోచన కూతురి వైపు తిరిగింది.

"నువ్వు ఏడో నెలలో పుట్టావే. ఆ వారం నువ్వు పెద్దాసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉన్నావ్. బతుకుతావో లేదో డాక్టరుగారే చెప్పలేనన్నాడు. మీ నాన్న ఆ వరండా వదల్లేదు. స్నానానిక్కూడా ఇంటికి రాలేదు. ఇక హార్బరెక్కడ, నాలుగు బోట్లెక్కడ? నువ్వు నవ్విందేమో, ఆ తరవాత మూడు నెలలకి. అదీ ఈయన్ని చూసి కాదు, సీలింగు ఫ్యాను చూసి."

"మరి ఆ రోజు ప్రోగ్రాములో మార్పు చేశాడు కదా వదినా?" అంది హైమవతి.

"చేసే ఉంటాడు. వరండాలో కూర్చుని ఫోన్లో ఏదో కొట్టుకుంటూనే ఉండేవాడు. అంతకు ముందెప్పుడో బోటెక్కి చూసొచ్చిన సంగతి రాసుంటాడు. ఏం చూశాడో నాకు చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేను."

మైథిలి తెర వదిలి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ఇన్నాళ్లూ..."

"నువ్వు చదివి వినిపిస్తానంటే నేనే వద్దన్నాను కదమ్మా," అంది సులోచన.  కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆయన నవ్వు గురించి రాయలేదుగాని, ఒకటి చేసేవాడు. ఆ పెట్టెకి పక్కన గుండ్రటి కన్నం ఉండేది. నర్సుని బతిమాలి, చెయ్యి కడుక్కుని, అందులోంచి చిటికెన వేలు పెట్టేవాడు. నువ్వు పట్టుకునేదానివి. పట్టుకున్నావని వరండాలో అందరికీ చెప్పేవాడు. తెలియనివాళ్లక్కూడా."

ఆ సాయంత్రమే మైథిలి ల్యాబుకు వెళ్లి ఆ పేజీని పూరణి చేత మళ్లీ తీయించింది. రంగులతో. హైమవతి పక్కనే నిలబడింది. పేజీ అంతా బూడిదే. నల్లగా ఉన్నవి మూడే. తేదీ ఒకటి, త్రినాథ్ పేరు ఒకటి, "మొదటి మూడు లెక్కలూ పారేయాలి" అన్న ముక్క ఒకటి. బద్ధకపు చిప్పూ, మత్తూ, హార్బరూ, "అప్పుడు తీసేద్దాం" అన్న మాటా, పాప నవ్వూ, అన్నీ పూరణి అల్లినవే. ఆ కాలం చిప్పుల మీద జనం అనుకునే ఫిర్యాదుల్లోంచి కారణాన్ని తీసింది. కొత్తగా తండ్రయినవాడు ఎలా రాస్తాడో అందరి రాతల్లోంచీ ఏరి ఆ చివరి వాక్యం తీసింది.

"రంగు వేసిందత్తా. అది చెప్పింది. మనమే..." అంది మైథిలి.

"మనమే," అంది హైమవతి.

మర్నాడు ఇద్దరూ ఉప్పాడ వెళ్లారు. ధనరాజు భార్య నూకాలమ్మ ఇంటి ముందు జనం ఇంకా ఉన్నారు. ధనరాజు తమ్ముడు అప్పన్న వీళ్లను గుర్తుపట్టి, అరుగు మీది నుంచి లేచి నిలబడ్డాడు. హైమవతి ఏదీ దాచలేదు. గవ్వ తప్పు చెప్పిందనీ, ఆ తప్పు రాకుండా పాతవాళ్లు ఒక అడ్డు పెట్టారనీ, ఆ అడ్డు ఎందుకో తెలిసిందనుకుని దాన్ని తీయనిచ్చింది తానేననీ చెప్పింది.

అప్పన్న కేకలు వేశాడు. జనంలో ఎవరో అతన్ని పట్టుకున్నారు. నూకాలమ్మ మాత్రం హైమవతినే చూస్తూ ఉంది.

"ఇప్పుడేటి సేత్తారు?" అంది చివరికి.

"తీసేసిన అడ్డు ఇవాళ పొద్దున్నే మళ్లీ పెట్టేశామమ్మా. బోట్లన్నింటికీ పంపాం. కానీ అది ఎందుకు కావాలో మాకింకా తెలీదు. తెలుసుకోవాలంటే సముద్రం మీద చూడాలి. అది అడగడానికే వచ్చాం. అప్పన్నగారు బోటు ఇస్తే..."

"ఎందుకో తెలకుండానే పెట్టేసారా?"

"అవునమ్మా."

"తెలకుండానే తీసేసారు, తెలకుండానే పెట్టేసారు." నూకాలమ్మ కొంగు బిగించి లేచింది. "అప్పన్నా, బోటు తియ్యి. నానొత్తాను."

"వదినా, నువ్వెక్కడికి, ఈ టైములో..."

"నా కళ్లతో సూడాల. మళ్లీ ఈళ్లు ఏదో కాయితం సూసి సెప్తే నాను నమ్మను."

సముద్రం ఆ రోజు నూనె పోసినట్టు ఉంది. ఒడ్డు సన్నటి గీతలా కనబడేంత దూరం వెళ్లాక అప్పన్న బోటు తిప్పి, హైమవతి చెప్పినట్టు ఒడ్డు వైపు జోరుగా తోలాడు. ఒక్కసారిగా ఇంజను ఆపాడు. ఆపిన క్షణానే నూకాలమ్మ, రాయి కట్టిన తట్టలో గవ్వను పెట్టి నీళ్లలోకి దించింది. ధనరాజు బోటులో ఉన్న ఫర్మ్‌వేరే దానిలోనూ ఉంది. అప్పన్న చుట్ట వెలిగించాడు. అది కాలిపోయేదాకా తాడు నూకాలమ్మ చేతిలోనే ఉంది. బోటు ఉన్నచోటే మెల్లగా ఊగుతోంది.

"లాగండి," అంది మైథిలి ఒడిలో ల్యాప్‌టాపు సర్దుకుంటూ.

గవ్వ పైకి రాగానే కబురు పంపింది. మైథిలి తెర మీద పటంలో చుక్క వెలిగింది. ఆమె తెరను వాళ్ల వైపు తిప్పింది. చుక్క సముద్రంలో లేదు. ఉప్పాడ ఒడ్డు మీద, ఇళ్ల మధ్యలో ఉంది.

"ఇదేటిది? మనం ఇక్కడుంటే?" అన్నాడు అప్పన్న.

హైమవతికి ఒక్కసారిగా అర్థమైంది.  "నీళ్ల కింద దానికి ఆకాశం వినబడదు అప్పన్నా. ఉపగ్రహాలు చెప్పేది అందదు. అందనప్పుడు ఊరుకోకుండా, మునిగేముందు ఎటు పోతున్నానో, ఎంత జోరుగా పోతున్నానో గుర్తుపెట్టుకుని, ఇంకా అలాగే పోతున్నాననుకుంటుంది. పైకొచ్చాక కూడా కాసేపు ఆ ఊహనే చెబుతుంది. చిప్పు ఎంత తెలివైందైతే అంత గట్టిగా చెబుతుంది."

"అంటే మా ఆయన ఒడ్డుకి పరిగెడతన్నాడు కదాని," అంది నూకాలమ్మ తెర మీది చుక్క వైపు చూస్తూ, "ఇంటికొచ్చేసేడనుకుందా?"

 ఆవిడ తాడును ఒడిలో చుట్ట చుట్టుకుంటూ కూర్చుంది. ఎంతోసేపు అలాగే చుట్టింది. ఆపైన, "రెండోది పెట్టండి," అంది.

అడ్డు తిరిగి పెట్టిన గవ్వను అదే తట్టలో పెట్టారు. మళ్లీ జోరు, మళ్లీ ఇంజను ఆపడం, మళ్లీ చుట్ట. ఈసారి పైకి లాగాక గవ్వ పలకలేదు.

"పలకదేటి?" అన్నాడు అప్పన్న కంగారుగా.

"ఆగనీ."

బోటు పక్కన నీళ్లు తపతపమని కొట్టుకుంటున్నాయి. గవ్వలోంచి నీటిచుక్కలు నూకాలమ్మ పాదాల మీద పడుతున్నాయి. ఆ కొన్ని నిమిషాలు హైమవతికి ఎంత పొడుగ్గా తోచాయో ఆమెకే తెలుసు. తర్వాత తెర మీద చుక్క వెలిగింది. నీలం మధ్యలో, వాళ్లున్నచోట.

నూకాలమ్మ సముద్రం నలుదిక్కులా చూసింది, తెర చూసింది. "ఆఁ, ఇక్కడే ఉన్నాం," అంది. అని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడుపు ఆగేదాకా అప్పన్న ఇంజను వెయ్యలేదు.

ఒడ్డుకు వస్తుండగా హైమవతి నెమ్మదిగా, "ఇప్పుడు కారణం తెలిసింది. దాన్ని ఎక్కడో కాకుండా, ప్రోగ్రాములోనే, ఆ వరస పక్కనే రాస్తామమ్మా. ఎన్నేళ్లయినా చెరగకుండా," అంది.

"కోపం లేదని సెప్పనమ్మా," అంది నూకాలమ్మ. "రాత్తే రాయండి. ఊరికే నీల్లు, సిప్పు అని రాత్తే మళ్లీ ఎవుడో వచ్చి తీసేత్తాడు. మా ఆయన పేరు రాయండి. ఎందుకాగాల అని అడిగినోడికి ఆయన గురించి తెలవాల."

ఆ వారమంతా మైథిలి ల్యాబులోనే ఉంది. పూరణి పేజీలు వాడుకుంటున్న ప్రాజెక్టులన్నింటికీ స్వయంగా రాసింది. వాళ్లలో కొందరు తిట్టారు, కొందరు జవాబే ఇవ్వలేదు. కొత్త పూరణి ఇక కంతలు పూడ్చకుండా ఆమె మార్చేసింది. దొరికినంతే చూపిస్తుంది. మిగతా చోట ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీ రంగుతో కాదు, "ఇక్కడ ఏముందో దొరకలేదు" అన్న అక్షరాలతో ఉంటుంది. అక్షరాలైతే ఏ భాండాగారమైనా దాచుకుంటుంది. అంత అందమైన యంత్రాన్ని ఇలా చేశావేమిటని సాటివాళ్లు అన్నారు. ఆమె ఏళ్ల శ్రమలో సగం అలా పోయింది. గవ్వ భాండాగారంలోంచి తండ్రి పేజీలను ఆమే ఒక్కొక్కటిగా తీసేసి, వాటి స్థానంలో మిగిలిన నల్ల ముక్కలను మాత్రం పెట్టింది.

చివరికి ఆ మూడు లెక్కల పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "అత్తా, ఇది ఒక్కటీ నా దగ్గర ఉంచుకోనా?"

"నీ దగ్గర ఉంటే ఎవరికీ నష్టం లేదమ్మా. నీ ఇష్టం."

మైథిలి ఆ చివరి వాక్యాన్ని ఇంకోసారి చదివింది. పెదవులు కదిలాయి. ఆ తర్వాత తన కుడిచేతి వేళ్లను ఒకసారి ముడిచి, విప్పి, ఆ పేజీని కూడా తీసేసింది.

గవ్వలో ఇప్పుడు ఆ వరస పక్కన లింకు లేదు. నీళ్ల కింద గవ్వ ఎలా ఊహిస్తుందో, ఎందుకు ఆగాలో, ఎవరెవరు ఏ బోటులో వెళ్లి ఎలా చూశారో, నాలుగు మాటల్లో ఉంది. కింద సూరాడ ధనరాజు పేరూ, ఉప్పాడ పేరూ ఉన్నాయి.

మూడేళ్ల తర్వాత, హైమవతి పని మైథిలికి అప్పగించాక, ఫిలిప్పీన్స్ నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. తమ ఊరి పడవలకు గవ్వను అమరుస్తున్నదట. "ఈ మూడు నిమిషాల ఆలస్యం మాకు చాలా ఎక్కువ. మా చిప్పులు మీవాటికంటే ఎంతో మంచివి. దీన్ని తీసేయాలని ఉంది. అయితే పక్కన ఒక మనిషి పేరుంది. ఆయన ఈ ప్రోగ్రాము రాసినవారిలో ఎక్కడా కనబడలేదు. ఆయనెవరో చెబుతారా?"

మైథిలి కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ గాలివాన మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి జవాబు రాసింది. తండ్రి గురించి తనకు తెలియనిది తెలియదనే రాసింది. పంపేముందు ఉప్పాడకు ఫోను చేసి, నూకాలమ్మకు తెలుగులో చదివి వినిపించింది. ఆవిడ ఒకచోట ఆపి, కళాసీలు ఇద్దరి పేర్లూ కలపమంది. కలిపింది.

ఆ అమ్మాయి దగ్గర్నుంచి రెండు రోజుల తర్వాత ఒక్క ముక్కలో జవాబు వచ్చింది.

"తీయను. మా పడవల్లో కూడా ఆయన పేరు ఉంటుంది."